ముద్ర పడని కాపురం

త్రినాథ్‌కు పెళ్ళయి పది నెలలైంది గాని కాపురం ఇంకా మొదలుకాలేదు. ఇందులో జాతకదోషమేమీ లేదు, అత్తమామల పంతాలూ లేవు. లేనిదల్లా ఇల్లొక్కటే. అతను ఒక లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ మగవాళ్ళ హాస్టల్లో నలుగురితో గది పంచుకునేవాడు. అతని భార్య మృదుల కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షలు చేస్తూ ఆడవాళ్ళ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునేది. లెక్కకట్టి చూస్తే ఆ దంపతులిద్దరూ కలిసి ఏడుగురితో కాపురం చేస్తున్నారు గాని, ఒకరితో ఒకరు మాత్రం చెయ్యడం లేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇరానీ హోటల్లో కలుసుకునేవారు. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు బిస్కెట్లు. ఆరున్నరకు ఆమె బస్సు. వారానికి రెండున్నర గంటల దాంపత్యంలో తగువుకు చోటెక్కడిది? "నువ్వు తిను" అంటే "మీరు తినండి" అనుకోవడంతోనే సగం సమయం అయిపోయేది. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉండేది గాని, బస్సెక్కించి వెనక్కి నడిచొచ్చేటప్పుడు త్రినాథ్‌కు ప్రాణం ఉసూరుమనేది.

"ఈ నెలాఖరుకి ఇల్లు దొరక్కపోతే విశాఖపట్నం బ్రాంచికి బదిలీ పెట్టుకుంటానండి. అక్కడ మా అక్కా వాళ్ళింట్లో కనీసం ఒక గదైనా ఇస్తారు" అంది మృదుల ఒక ఆదివారం. నవ్వుతూనే అంది. త్రినాథ్ మాత్రం చాయ్ కప్పు పక్కకు పెట్టేశాడు. నెలాఖరుకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

నగరం ఎక్కడ అయిపోయిందో తెలియనంత దూరంలో, రింగురోడ్డు కూడా దాటాక, గుర్రంచెలక అనే కాలనీ ఉంది. అందులో హంసధ్వని రెసిడెన్సీ అనే అయిదంతస్తుల భవనం ఉంది. దాని గేటుకు "ఫ్లాటు 304 అద్దెకు ఇవ్వబడును, కుటుంబములకు మాత్రమే" అన్న అట్టముక్క వేలాడుతోంది. ఇద్దరూ వెళ్ళి చూశారు. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, బట్టలారేసుకోవడానికి బాల్కనీ. మృదుల వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది, కట్టింది, మళ్ళీ తిప్పింది. ఆ కుళాయి దగ్గర బకెట్లు పట్టుకుని వరసలో ఎవరూ నిలబడి లేరు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం త్రినాథ్ చూశాడు. ఈ ఇల్లు దొరక్కపోతే తను మొగుడే కాదని అక్కడే తీర్మానించుకున్నాడు.

ఇంటావిడ సులోచనమ్మ మంచి మనిషి.

"నాకైతే మీరిద్దరు మంచిగ అనిపిచ్చిండ్రు బిడ్డా. రేపే దిగుతమన్నా నాకేం లేదు. కాని ఇల్లు నాదే గాని, ఇచ్చుడు నా చేతుల లేదు. అసోసియేషనోళ్ళు ఊ అనాలె" అంది.

"వాళ్ళెందుకమ్మా అనాలి?"

"అదే నాకెర్కలేదు. నేను సుత మూడేండ్ల సంది అడుగుతున్న."

అసోసియేషన్ కార్యాలయం సెల్లార్లో జనరేటరు పక్కన ఉంది. అధ్యక్షులు పరాంకుశం గారు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ముప్ఫై నాలుగేళ్ళపాటు సంతలన్నీ తిరిగి, వంకాయల బండివాడి రాయి దగ్గర్నుంచి బంగారుకొట్టు త్రాసుదాకా, సర్కారు ముద్ర లేనిదాన్ని దేన్నీ వదలని నిప్పులాంటి అధికారి. రిటైరయ్యాక తూచడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఊరుకోవు కదా, అందుకని అద్దెకొచ్చేవాళ్ళను తూచడం మొదలుపెట్టారు.

"సదరు దరఖాస్తుదారులు తాము కుటుంబమని దేనిని ఆధారము చేసుకొని చెప్పుకొనుచున్నారు?" అని అడిగారాయన కళ్ళజోడు సవరించుకుంటూ. ఆ కళ్ళజోడు నంబరు తప్పని మృదులకు తెలిసిపోయింది గాని ఊరుకుంది.

త్రినాథ్ పెళ్ళి సర్టిఫికెట్ తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది మీకు వివాహము జరిగినదనుటకు ఆధారము. కుటుంబమనుటకు కాదు. రాయి కొన్న రసీదు ఉన్నంత మాత్రాన ఆ రాయి కిలో తూగునని అర్థమా?"

"కాదు సార్" అన్నాడు త్రినాథ్, ఏ రాయో అర్థంకాక.

"కలిసి నివసించినట్లు గ్యాసు పుస్తకము గాని, కరెంటు బిల్లు గాని కలదా?"

"ఇల్లుంటే ఇక్కడికెందుకొస్తాం సార్?"

"కలిసి నివసించని వారు కుటుంబము కాజాలరు. కుటుంబము కానివారికి నివాసము ఇవ్వజాలము. ఇది చాలా స్పష్టముగానే ఉన్నది" అన్నారాయన, స్పష్టత మీద మనిషికుండే మమకారంతో. "అయితే మేము రాక్షసులము కాము. నిబంధన పద్నాలుగు ప్రకారము మీకు కలహ పరీక్ష పెట్టెదము."

కలహ పరీక్ష ఎందుకొచ్చిందో కార్యదర్శి గున్నేశ్వరరావు గారు వివరించారు. ఏడాది క్రితం 402లోకి తేనె ఒలికే జంట ఒకటి దిగింది. మూడు నెలలపాటు ఆ ఫ్లాటులోంచి ఒక్క చెడ్డమాట వినబడలేదు. ఆదర్శ దంపతులని కమిటీ వాళ్ళకు శాలువా కప్పడానికి వెళ్ళి తలుపు తీయిస్తే, లోపల మూడువందల ఇస్త్రీపెట్టెలు కనబడ్డాయి. కుటుంబమని చెప్పి ఎవడో గోడౌను పెట్టాడు. ఆ దెబ్బతో పరాంకుశం గారికి జ్ఞానోదయమైంది. ఒక కప్పు కింద బతికే మొగుడూ పెళ్ళాం తగువుపడకుండా ఉండరన్నది ముప్ఫై ఎనిమిదేళ్ళ సంసారంలో ఆయన స్వయంగా కనుక్కున్న సత్యం. కాబట్టి తగువాడనిది కుటుంబం కాదు, అది ఇస్త్రీపెట్టెల కింద లెక్క.

"విషయము: కూరలో ఉప్పు. వ్యవధి: అయిదు నిమిషములు. కానివ్వండి" అన్నారు పరాంకుశం గారు. గున్నేశ్వరరావు గారు స్టాప్‌వాచీ నొక్కారు.

త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "మృదులా, కూరలో ఉప్పు... కొంచెం తక్కువైందేమో."

"అయ్యో, అవునా అండి? ఉండండి, వేస్తాను."

"పర్వాలేదులే. తింటుంటే బాగానే ఉంది."

మిగిలిన నాలుగున్నర నిమిషాలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పరాంకుశం గారు రిజిస్టరులో "తూకము: శూన్యము" అని రాసి, కింద ఎర్రగీత గీశారు.

గున్నేశ్వరరావు గారికి జాలేసింది. ఆయనా, ఆయన భార్య వైదేహి గారూ ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవమున్నవాళ్ళు. వచ్చే శనివారం రెండో పరీక్ష ఇప్పిస్తామని, ఈలోగా తమ ఇంటికొస్తే నాలుగు మెళకువలు చెబుతామని అభయమిచ్చారు.

"అన్నిటికంటే ముఖ్యం ఏమిటంటే, ఇవాళ్టి సంగతి ఇవాళ మాట్లాడకూడదు. కనీసం ఆరేళ్ళ కిందటిది తియ్యాలి" అంది వైదేహి గారు, పప్పు పోపు పెడుతూ.

"మాకు పెళ్ళయి పది నెలలేనండి" అంది మృదుల, తప్పు చేసినదానిలా.

"అయ్యో రామ. పోనీ పెళ్ళిలోది తియ్యండి. మగపెళ్ళివారికి కాఫీలు అందలేదా?"

"అందాయండి" అన్నాడు త్రినాథ్. "రెండుసార్లు ఇచ్చారు."

"ఆడబిడ్డ ఏమైనా అందా?"

"ఆవిడ నాకు చీర పెట్టిందండి. ఇదే" అంది మృదుల.

వైదేహి గారు గరిటె కింద పెట్టేసింది. "ఇలాంటి సంబంధంతో ఎలా నెట్టుకొస్తారమ్మా మీరు?" అని నిజంగానే బాధపడింది. వెనకనుంచి గున్నేశ్వరరావు గారు "పోపు మాడుతోంది" అన్నారు. "మా అత్తగారు పోయినరోజు కూడా ఇలాగే వెనకనుంచి అన్నారు" అని వైదేహి గారు అందుకుంది. అక్కడినుంచి ఇద్దరూ ఇరవై నిమిషాలు ఎక్కడా తడుముకోకుండా అలా సాగిపోతుంటే, కొత్త దంపతులు నోరు తెరుచుకుని విన్నారు. గొప్ప విద్వాంసుల కచేరీకి వచ్చినట్టే ఉంది వాళ్ళకు.

విన్నదాన్ని బట్టి నాలుగు పేజీల తగువు రాసుకున్నారు. ఇరానీ హోటల్లో కూర్చుని బట్టీపట్టారు. "నీ మొహానికి సంసారం ఒకటా" అన్నచోట మృదుల ప్రతిసారీ "క్షమించండి" అని కలిపేది. శనివారం పరీక్షలో మూడో పేజీ దాకా బాగానే నడిచింది. అక్కడ ఆమె తడబడింది. త్రినాథ్ ప్రేమగా వంగి, "'మీ చెల్లెలొచ్చినప్పుడు' దగ్గర్నుంచి అందుకో" అని చెవిలో చెప్పాడు.

"ఆపండి!" అన్నారు పరాంకుశం గారు. "లోపల డొల్ల, పైన రంగు! ఇట్టి నకిలీ రాళ్ళను నా సర్వీసులో బస్తాలకొద్దీ జప్తు చేసియున్నాను. మీకు చివరి అవకాశము ఇరవై తొమ్మిదవ తేదీ. దరఖాస్తుతోపాటు ప్రస్తుత నివాసముల నుండి పత్రములు జతపరచవలెను."

ఇరవై తొమ్మిదిన ఇద్దరూ చెరో కవరు పట్టుకుని వచ్చారు. ఇద్దరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. ఒకరి కవరు ఒకరికి చూపించుకోలేదు. గున్నేశ్వరరావు గారు మామూలుగానే పైకి చదివారు.

"త్రినాథ్. పురుషుల హాస్టలు. నివాసము వచ్చే ఒకటో తేదీ నుండి మరి ఆరు నెలలకు పొడిగించబడినది. కిటికీ పక్క మంచము కేటాయించబడినది. మృదుల. స్త్రీల హాస్టలు. ఈ ముప్ఫయ్యో తేదీన ఖాళీ చేయుచున్నారు. కారణము, విశాఖపట్నమునకు బదిలీ."

మృదుల త్రినాథ్ వైపు తిరిగింది.

"ఆరు నెలలా?" అంది మృదుల.

"కిటికీ పక్క మంచం మృదులా. రెండేళ్ళనుంచి వరసలో ఉన్నాను. సంతకం పెట్టకపోతే పక్కవాడికి పోతుంది."

"అంటే ఇల్లు దొరకదని నీకు ముందే తెల్సు. గాలొచ్చే మంచం చూసుకుని పడుకున్నావు!"

"నీకూ తెల్సు కదేటి! బదిలీ కాగితం ఇచ్చేసి నాకు మాటమాత్రం చెప్పలేదు!"

"చెప్పాను! చాయ్ తాగుతూ చెప్పాను!"

"నవ్వుతూ చెప్పావు!"

"ఏడుస్తూ చెప్తే బస్సు తప్పిపోద్ది! వారానికి రెండున్నర గంటలు. అందులో నవ్వమంటావా, ఏడవమంటావా, ఏటి చెయ్యమంటావు?" మృదుల గొంతు సెల్లారు దాటి లిఫ్టులోంచి పైకి పాకింది. "ఆదివారం ఆదివారం ఆఖరి బిస్కెట్టు నాకిచ్చి గొప్పోడివనుకుంటన్నావు. నాకు ఆ బిస్కెట్లంటే ఇష్టం లేదు! పది నెల్లనుంచీ ఇష్టం లేదు!"

"మరి నాకిష్టం కదా! ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? పది నెల్లనుంచి నోరు కట్టుకుని నీకు పెడతన్నాను!"

"నువ్వు నన్నడిగావా ఎప్పుడైనా?"

"అడగడానికి నువ్వెక్కడున్నావు? నేనెక్కడున్నాను?"

అక్కడ ఇద్దరికీ ఊపిరి అందలేదు. త్రినాథ్‌కు మొట్టమొదటిసారి భార్య మీద ఒళ్ళుమండే కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఈమె లేకుండా ఆరు నెలలు ఆ కిటికీలోంచి ఏం చూడాలి అనిపించింది. మృదుల చున్నీతో ముక్కు తుడుచుకుంది.

గున్నేశ్వరరావు గారు స్టాప్‌వాచీ ఆపడం మరిచిపోయారు. గొడవ విని పరుగున దిగొచ్చిన వైదేహి గారు "'నువ్వు' అంది! అందరిముందూ మొగుణ్ణి 'నువ్వు' అంది! ఇంకేం ముద్ర కావాలండీ!" అని పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. పరాంకుశం గారు లేచి నిలబడి, ఊదారంగు సిరాలో ముంచి, దరఖాస్తు మీద "కుటుంబము" అన్న ముద్రను దభీమని కొట్టారు.

"అభినందనలు. ఇంత నికరమైన తూకము నేను చూడలేదు" అని చెయ్యి కలిపి, ఆపైన పేజీ తిప్పారు. "ఇక నిబంధన ఇరవైరెండు. శబ్దము. సదరు కుటుంబము కలిసియున్నప్పుడు పై అంతస్తులకు వినబడునట్లు రుజువైనది. అందుచేత 304 ఫ్లాటు మీకు మంజూరు చేయుచు, మీరిద్దరును ఏకకాలమున అందులో ఉండరాదని షరతు విధించడమైనది. పగలు ఒకరు, రాత్రి ఒకరు."

త్రినాథ్ కుర్చీలో కూలబడ్డాడు. హాస్టల్లో ఉంటే ఆదివారమైనా కలిసి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు అద్దె కట్టి మరీ విడివిడిగా ఉండాలి.

అప్పుడే కమిటీకి టీలు తెచ్చిన పరాంకుశం గారి భార్య హైమావతి గారు ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఈ రూలు అందరికీనా?" అని అడిగింది.

"నిబంధన ఎల్లరకును సమానమే" అన్నారు పరాంకుశం గారు.

"మన గొడవ మూడిళ్ళ అవతలికి వినబడుతుంది. అయితే మీరు పగలు దిగిపోతారా, రాత్రి దిగిపోతారా?"

పరాంకుశం గారు టీ కప్పు అందుకోబోయి ఆగిపోయారు. "షరతు ముద్ర పడిన కుటుంబములకు మాత్రమే. మనకు ముద్ర లేదు గదా" అన్నారు, చక్కగా తప్పించుకున్నాననుకుని.

బల్లమీదున్న నిబంధనల పుస్తకం మృదుల ముందే తెరిచి ఉంది. చిన్న అక్షరాలు చదివించడమే ఆమె ఉద్యోగం. ముక్కు తుడుచుకుని, అట్టడుగు గీత మీద వేలు పెట్టి పైకి చదివింది. "'ముద్ర లేనివారు బ్యాచిలర్లుగా పరిగణింపబడుదురు. బ్యాచిలర్లు ఇరువదినాలుగు గంటలలో ఖాళీ చేయవలెను.' అంటే సార్, ఈ బిల్డింగు మొత్తంలో మేమొక్కళ్ళమే ఫ్యామిలీ కదా?"

వైదేహి గారూ గున్నేశ్వరరావు గారూ ఒకరినొకరు పరాయివాళ్ళలా చూసుకుని, కొంచెం ఎడంగా జరిగి నిలబడ్డారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను వండిపెట్టింది బ్యాచిలర్‌కా?" అంది హైమావతి గారు, ట్రే బల్లమీద పెట్టేస్తూ. పెట్టిన చప్పుడుకు నాలుగు కప్పులూ ఎగిరిపడ్డాయి.

ఇంకొకరైతే ఆ పేజీ చింపేసేవారు. పరాంకుశం గారు అలాంటి మనిషి కాదు. ఒకప్పుడు సొంత ఇంట్లో పప్పు తూచుకునే త్రాసునే జప్తు చేసిన చరిత్ర ఆయనది. చెమట తుడుచుకుని, ఉక్తలేఖనం చెబుతున్నట్టు మొదలుపెట్టారు.

"మిగిలిన నలభై ఏడు కుటుంబములకును తక్షణమే పరీక్ష జరిపి ముద్ర వేయవలెను. అయితే ఏ రాయినైనను తూచుటకు ముందొక ప్రామాణికపు రాయి ఉండవలెను. ముద్ర పడినది ఒక్కటే కనుక, సదరు త్రినాథ్ దంపతులే మనకు ప్రమాణము. ప్రామాణికపు రాయిని ఆవరణ దాటించరాదు."

"మరి ఇద్దరూ ఒకేసారి ఉండకూడదన్నారు కదండీ?" అన్నారు గున్నేశ్వరరావు గారు రాసుకుంటూ.

"మూర్ఖముగా మాట్లాడకండి. కిలోరాయిని రెండు ముక్కలు చేసి పగలొకటి, రాత్రొకటి వాడెదరా? ప్రమాణమును విడదీయరాదు. ఇద్దరును ఏకకాలమున, ఒకేచోట, చెమ్మ తగలకుండ, దెబ్బ తగలకుండ భద్రపరచవలెను. అది వారి ఇష్టము కాదు, నిబంధన. ఉల్లంఘించి ఒక్క రాత్రి విడిగా ఉన్నచో కఠిన చర్య తీసుకొనబడును."

త్రినాథ్ బల్లకింద భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆమె ఇంకా కోపంగానే ఉంది గాని చెయ్యి లాక్కోలేదు. బదిలీ కాగితం ఆ సాయంత్రమే వెనక్కి తీసుకుంది. కిటికీ పక్క మంచం మర్నాడు పక్కవాడికి పోయింది.

ఒకటో తారీఖు ఉదయం రెండు పెట్టెలు, ఒక చాప, ఒక బకెట్టుతో 304లో దిగారు. పాలు పొంగించుకునేసరికి మూడో అంతస్తు నడవ నిండిపోయింది. నలభై ఏడు కుటుంబాలూ టోకెన్లు పట్టుకుని వరసలో నిలబడ్డాయి. మొదటి టోకెను హైమావతి గారిది. పరాంకుశం గారు గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని, కొత్త రిజిస్టరు తెరిచి, కలం మూత తీశారు.

"ప్రమాణము సిద్ధమేనా?"

త్రినాథ్ మొహం తుడుచుకుని తడి తువ్వాలు తీసుకెళ్ళి కొత్త చాప మీద పడేశాడు.

"అదేటి, అక్కడేస్తారా తడి తువ్వాలు?" అంది మృదుల.

నడవలో గుసగుసలు టక్కున ఆగిపోయాయి. మెడలు ముందుకు సాగాయి. పరాంకుశం గారి కలం కాగితం మీద వాలింది. త్రినాథ్ నోరు తెరిచాడు. మృదుల నడుముమీద చెయ్యి వేసుకుంది. అంతలో ఇద్దరి చూపూ తలుపు మీదికి పోయింది. అది మామూలు తలుపే, లోపలి గడియకు ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. పెళ్ళయి పది నెలల్లో, ఇద్దరూ ఒకేవైపున ఉండి వేసుకోగల తలుపు వాళ్ళకు దొరకడం అదే మొదటిసారి.

మృదుల మెల్లగా నడిచొచ్చి, వచ్చినవాళ్ళందరికీ ఒక నమస్కారం పెట్టి, తలుపు మూసి గడియ వేసింది.

నడవలో ఎంతసేపు చెవులు రిక్కించినా ఏమీ వినబడలేదు. పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించి, రిజిస్టరు మొదటి పేజీలో, "తలుపు వేయబడినందున కొలత తీసుకొనుట సాధ్యపడలేదు" అని రాశారు. హైమావతి గారు ఆయన చేతిలోంచి కలం తీసుకుని, ఆ కిందనే "అవసరమూ లేదు" అని రాసి, తన టోకెను చింపేసి, ఆయన్ని ఇంటికి తీసుకుపోయింది.